వేలి ఒత్తిడి ఎంతవరకు వైద్యం? షియాత్సుపై తెగని చర్చ

కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ల భుజాలకు, ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి బస్తాలు మోసే హమాలీల నడుములకు, పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల మెడలకు నొప్పి ఒకేలా రాదు. కానీ ఆ నొప్పి పట్టుకుని వరంగల్‌లో మనిషి తిరిగే దారి మాత్రం ఇంచుమించు ఒక్కటే. ముందు మెడికల్ షాపులో గోలీ, తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర సూది, అప్పటికీ తగ్గకపోతే ప్రభుత్వ ఎంజీఎం లేదా ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఈ మధ్యలో ఎవరో ఒకరు నొక్కించుకోమని చెబుతారు. ఎవరిచేత నొక్కించుకోవాలి, ఎలా, ఎన్నాళ్లు అని అడిగితే మాత్రం సరైన జవాబు దొరకదు.

ఆ జవాబు వెతుక్కుంటూ వెళితే ఆక్యుప్రెషర్, రిఫ్లెక్సాలజీ, మర్మ చికిత్స, షియాత్సు అన్నీ ఒకే బోర్డు మీద కనిపిస్తాయి. వీటిలో జపాన్‌లో పుట్టిన షియాత్సు గురించి మనకు తెలిసింది తక్కువ, విన్నది ఎక్కువ. మందులు లేకుండా సకల రోగాలూ పోతాయని ఒక పక్షం అంటుంది. అదంతా ఒట్టి భ్రమ అని ఇంకో పక్షం కొట్టిపారేస్తుంది. వాదన ఇంతగా చిక్కుపడటానికి అసలు కారణం, మూడు వేరువేరు ప్రశ్నలను అందరూ ఒకే ప్రశ్నగా అడగడం. నొక్కితే ఒంటికి హాయి కలుగుతుందా? నొక్కితే ఫలానా బాధ తగ్గుతుందా? నొక్కితే రోగం నయమవుతుందా? ఈ మూడింటికీ ఆధారాల బలం ఒక్కలా లేదు. వేటికవి విడదీసి చూస్తే చర్చలో సగం చిక్కు వీడిపోతుంది. మిగతా సగం నిజంగానే తేలని విషయం.

అన్మా నుంచి షియాత్సు దాకా

షియాత్సు వేల ఏళ్ల నాటి విద్య అని ప్రచారంలో ఉంది. దాని మూలాలు పాతవే గాని, ఈ పేరుతో, ఈ రూపంలో అది 20వ శతాబ్దపు పద్ధతి. చైనా నుంచి వచ్చిన మర్దన విద్య జపాన్‌లో అన్మాగా స్థిరపడింది. 17వ శతాబ్దంలో సుగియామా వైచి అనే అంధ వైద్యుడు సన్నని గొట్టంలోంచి సూది గుచ్చే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. చూపులేనివాళ్లకు సూది వైద్యం (ఆక్యుపంక్చర్), అన్మా నేర్పే బడులు ఆయన పుణ్యాన నిలదొక్కుకున్నాయి. అప్పటినుంచి మర్దన జపాన్‌లో అంధుల గౌరవప్రదమైన జీవనోపాధి. ఈ సంగతి ఇప్పటి చట్టాల్లోనూ కనిపిస్తుంది. చూపున్నవాళ్ల కోసం కొత్తగా మర్దన బడులు తెరవడంపై 1964 నుంచి అక్కడ ఆంక్ష ఉంది. అది రాజ్యాంగబద్ధమేనని జపాన్ సుప్రీంకోర్టు 2022లో తీర్పిచ్చింది.

కాలం గడిచేకొద్దీ అన్మాను వైద్యంగా కన్నా విలాసంగా చూడసాగారు. దాన్ని మళ్లీ చికిత్స వైపు తిప్పాలని చూసినవారిలో తమాయ్ తెంపెకి ఒకరు. వేలి ఒత్తిడి పద్ధతిపై ఆయన 1919లో పుస్తకం ప్రచురించాడు. పాశ్చాత్య శరీరశాస్త్రాన్ని, పాత అన్మాను, పొట్ట నొక్కి చూసే అంపుకు పద్ధతిని ఆయన కలిపాడు.

ఇంటింటికీ ఆ పేరు చేరింది మాత్రం నమికోషి తొకుజిరో (1905–2000) వల్ల. ఆయన కుటుంబం 1912లో షికోకు దీవి నుంచి చలి ప్రాంతమైన హొక్కైదోకు తరలిపోయింది. అక్కడ తల్లికి కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. పిల్లలు వంతులవారీగా ఆమె ఒళ్లు పిసికేవారు. రుద్దడం కన్నా నొక్కినప్పుడే ఉపశమనం ఎక్కువగా ఉందని ఆ పసివాడు కనిపెట్టాడని ఆ సంప్రదాయంలో చెప్పుకుంటారు. 1925లో మురోరాన్‌లో చికిత్సాలయం, 1940లో టోక్యోలో శిక్షణ సంస్థ ఆయన స్థాపించాడు. 1954లో జపాన్ వచ్చిన మార్లిన్ మన్రోకు చికిత్స చేయడంతో ఆయన పేరు పత్రికలకెక్కింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఆక్రమణ పాలనలో సంప్రదాయ చికిత్సలన్నీ మూతపడే పరిస్థితి వచ్చింది. వాటిపై ఆధారపడిన అంధులు గట్టిగా నిలబడ్డారు. 1947లో అన్మా, సూది వైద్యాలకు చట్టపు రక్షణ దొరికింది. 1955లో షియాత్సు ఆ చట్టంలో చేరింది. 1964లో అన్మా, మసాజ్‌ల సరసన దానికి వేరే గుర్తింపు దక్కింది.

రెండు బడులు, రెండు చూపులు

షియాత్సు ఒకే పద్ధతి అనుకోవడం పొరపాటు. నమికోషి బడి కండరాలు, నరాలు, ఎముకల భాషలో మాట్లాడుతుంది. శరీరం మీద ఏ వరుసలో, ఎన్ని చోట్ల, ఎంతసేపు నొక్కాలో అది ఖాయం చేసింది. జపాన్ ప్రభుత్వ నిర్వచనం ఈ బడికే దగ్గరగా ఉంటుంది. పరికరాలు లేకుండా వేళ్లతో, అరచేతులతో చర్మం మీద ఒత్తిడి పెట్టి ఆరోగ్యాన్ని కాపాడటం అన్నదే అందులో సారం. ప్రాణశక్తి నాళాల ప్రసక్తి అందులో లేదు.

మసునాగా షిజుతో (1925–1981) దారి వేరు. క్యోతో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివిన ఆయన నమికోషి బడిలోనే పాఠాలు చెప్పి, ఆనక సొంత కేంద్రం పెట్టుకున్నాడు. చైనా వైద్యంలోని మెరిడియన్లను, అంటే ప్రాణశక్తి ప్రవహిస్తుందని చెప్పే నాళాలను, ఆయన మళ్లీ కేంద్రానికి తెచ్చాడు. పాత పటాల్లో చేతులకు కొన్ని, కాళ్లకు కొన్నిగా ఉన్న 12 మెరిడియన్లు చేతులు, కాళ్లు రెండింటిలోనూ సాగుతాయని ప్రతిపాదించాడు. శక్తి తగ్గినచోటు క్యో, ఉబికినచోటు జిత్సు. పొట్ట మీద చేతులుంచి ఈ రెండింటినీ పోల్చుకోవడమే ఆయన రోగపరీక్ష. ఒక చెయ్యి కదలకుండా ఆనుకుని ఉంటే ఇంకో చెయ్యి మెరిడియన్ వెంట కదులుతుంది. ఆయన 1977లో ఒహాషి వతారుతో కలిసి ఇంగ్లిష్‌లో తెచ్చిన పుస్తకం ఐరోపా, అమెరికాల్లో జెన్ షియాత్సుగా పాతుకుపోయింది. ఆయన దగ్గర నేర్చుకున్న హెరాల్డ్ డల్ కాలిఫోర్నియాలో గోరువెచ్చని నీటిలో తేలియాడిస్తూ చేసే వాట్సు పద్ధతికి 1980 ప్రాంతంలో రూపమిచ్చాడు.

రెండు బడులనూ పక్కపక్కన పెడితే తేడా సిద్ధాంతంలో కనిపించినంతగా చేతుల్లో కనిపించదు. నమికోషి బడిలో ఒత్తిడి ఎక్కువ, బొటనవేళ్ల పని ఎక్కువ, వరుస తప్పదు. మసునాగా బడిలో ఒత్తిడి నెమ్మది, మోచేతులూ మోకాళ్లూ పనిచేస్తాయి, వరుస మనిషిని బట్టి మారుతుంది. రెండింటిలోనూ మనిషి బరువు నిటారుగా దిగుతుంది, ఒత్తిడి కొన్ని క్షణాలు నిలుస్తుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. మెరిడియన్లు నమ్మనివాళ్లకూ నమ్మేవాళ్లకూ ఒకే చికిత్స దాదాపు ఒకే అనుభవాన్ని ఇస్తుంటే, సిద్ధాంతం ఎంత పని చేస్తోంది, స్పర్శ ఎంత పని చేస్తోంది అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఇది మన మర్మ విద్యేనా?

ఈ విద్య బౌద్ధంతో పాటు ఇక్కడి నుంచే చైనా మీదుగా జపాన్ వెళ్లిందనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది గాని, నిలబెట్టే ఆధారం లేదు. సుశ్రుత సంహిత శారీర స్థానం 107 మర్మాలను వర్ణిస్తుంది. అయితే వాటిని వర్గీకరించిన తీరు చూడాలి. దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం తీసేవి, కొంతకాలానికి తీసేవి, గుచ్చుకున్నది పీకితే ప్రాణం పోయేవి, అవిటితనం తెచ్చేవి, నొప్పి పెట్టేవి. ఇది శస్త్రవైద్యుడికి ఇచ్చిన హెచ్చరికల పట్టిక. అవే చోట్ల నొక్కి నయం చేసే విద్య కేరళ కళరి, తమిళనాడు వర్మ సంప్రదాయాల్లో వేరుగా పెరిగింది. ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒకే మనిషి శరీరాన్ని తడిమి చూశారు కాబట్టి కొన్ని చోట్లు కలవడంలో ఆశ్చర్యం లేదు.

మన ఇళ్లలో ఉన్న ఒత్తిడి విద్య ఇంతకన్నా సాదా. బాలింతకు, పసిబిడ్డకు నూనె పట్టించి ఒళ్లు పిసకడం, క్షవరం అయ్యాక మంగలి తలకు మాలిష్ చేసి మెడ విరవడం, పట్టేసిన నడుమును తొక్కించుకోవడం తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నవే. వీటిలో మెడ విరవడం ఒక్కటి తప్ప, మిగతావాటిని షియాత్సుకు దూరపు చుట్టాలనుకోవచ్చు. మెడ విషయం కింద వస్తుంది.

సూది వైద్యం మన దేశానికి చేరిన దారి మాత్రం స్పష్టంగా తెలుసు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1959లో దాన్ని కలకత్తాకు తెచ్చారు. తర్వాత దశాబ్దాల్లో ముంబయికి చెందిన దేవేంద్ర వోరా పుస్తకాల వంటివాటితో అరచేతిలో, అరికాలిలో బిందువులు నొక్కుకునే ఆక్యుప్రెషర్ ఇంటింటి వైద్యమైంది. ఎగ్జిబిషన్లలో అమ్మే చెక్క రోలర్లు, ముళ్లముళ్ల చెప్పులు ఆ ఊపులో వచ్చినవే. షియాత్సు ఇంత లోతుగా జనంలోకి దిగలేదు. స్పాల మెనూలో ఒక వరుసగా, ప్రకృతి వైద్యుల చేతుల్లో ఒక మెళకువగా మాత్రమే అది తెలుగు నేల మీద ఉంది.

ప్రకృతి వైద్యానికి ఇక్కడ గట్టి పునాదే ఉంది. హైదరాబాద్‌లో డాక్టర్ బి. వెంకటరావు కృషితో నిలిచిన ప్రకృతి చికిత్సాలయం, దాని వెంట వచ్చిన గాంధీ ప్రకృతి వైద్య కళాశాల దేశంలోనే ఈ రంగంలో ముందువరుసవి. అయిదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా) కోర్సులో మర్దన, ఆక్యుప్రెషర్ భాగాలు. ఆ పట్టా ఇచ్చేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. అంటే తెలంగాణలో చేతి ఒత్తిడిని వైద్యంగా చదువుకున్నవాళ్ల సర్టిఫికెట్ మీద ముద్ర వరంగల్‌దే. ఈ నగరంలో ఈ చర్చ జరగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

చాప మీద గంటసేపు

షియాత్సుకు వెళ్లే మనిషి మొదట గమనించేది నూనె వాసన లేకపోవడం. బట్టలు విప్పే పని ఉండదు. వదులైన నూలు బట్టలు, పైజామానో సల్వారో చాలు. మంచం బదులు నేల మీద పలచటి పరుపు లేదా బొంత పరుస్తారు. చేసేవారు మోకాళ్ల మీద కూర్చుని తమ ఒంటి బరువును వాడుకోవాలి కాబట్టి నేలే అనువు. కిందికి దిగలేని పెద్దవాళ్లను కుర్చీలోనో బల్ల మీదో ఉంచి చేసే పద్ధతీ ఉంది. రెండు గంటల ముందు నుంచి కడుపునిండా తినకుండా ఉంటే మంచిది.

మొదటి పది నిమిషాలు మాటలే. ఏ నొప్పి, ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి, బీపీ, షుగర్ ఉన్నాయా, ఆడవాళ్లయితే గర్భం ఉందా. ఈ ప్రశ్నలు అడగకుండా చెయ్యి వేసేవాళ్ల దగ్గర పడుకోకపోవడమే క్షేమం. అడిగినవాళ్లందరూ నిపుణులని కాదు గాని, అడగనివాళ్లు కచ్చితంగా కాదు.

ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మసునాగా బడి వాళ్లయితే మోకాళ్లు మడిపించి పొట్ట మీద అరచేతులతో తడుముతారు. బోర్లా తిప్పాక అసలు పని మొదలవుతుంది. వెన్నెముక మీద నొక్కరు. దానికి రెండువైపులా రెండు వేళ్ల దూరంలో తాడులా తగిలే కండరం వెంట, మెడ కింద నుంచి నడుము దాకా అరచేతులు దిగుతాయి. మనం ఊపిరి వదులుతున్నప్పుడే బరువు వాలుతుంది. బొటనవేలు చర్మానికి నిట్టనిలువుగా నిలిచి మూడు నుంచి అయిదు సెకన్లు అలాగే ఉండి, ఎలా దిగిందో అలాగే మెల్లగా లేస్తుంది. రుద్దడం లేదు, జారడం లేదు. బాగా చేసేవాళ్ల భుజాల్లో బలప్రయోగం కనిపించదు. మోచెయ్యి నిటారుగా ఉంటుంది, నడుము ముందుకు వాలుతుంది, అంతే. పిరుదుల దగ్గర మందపాటి కండరం వచ్చేసరికి మోచెయ్యి రంగంలోకి దిగుతుంది. మధ్యమధ్య చేతులు, కాళ్లు సాగదీస్తారు. గర్భిణులను పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెడతారు.

నొప్పి పుడుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. కొన్నిచోట్ల పుడుతుంది. ఆ నొప్పిలో ఒక తీపి ఉంటుంది, ఇంకాస్త నొక్కితే బాగుండుననిపిస్తుంది. ఊపిరి బిగపట్టాల్సి వచ్చిందంటే, పళ్లు కొరుక్కోవాల్సి వచ్చిందంటే అది హద్దు దాటింది. ఆపమని చెప్పే హక్కు ఎప్పుడూ పడుకున్న మనిషిదే. ఎంత నొప్పి పుడితే అంత గుణమన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాన్ని సమర్థించే ఆధారం ఏ బడిలోనూ లేదు.

గంట గడిచాక లేచేసరికి మగత కమ్ముతుంది. మరునాడు కొందరికి ఒళ్లు నొప్పులు, తలనొప్పి, అలసట ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. విషాలు బయటికి పోవడం వల్లే ఇలా అవుతుందని కొందరు చెబుతారు. అలాంటి విషమేదీ ఎవరూ కొలిచి చూపలేదు. పని అలవాటు లేని కండరాన్ని కదిపితే వచ్చే నొప్పిగా దాన్ని అనుకుంటే సరిపోతుంది. మూడు నాలుగు విడతల్లో తేడా తెలియకపోతే ఇరవై విడతల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టడంలో అర్థం లేదు.

ఇంకో సంగతి. మసాజ్ సెంటర్లపై పోలీసుల దాడుల వార్తలు నగరాల్లో తరచూ వస్తుంటాయి. వాటి మచ్చ నిజాయతీగా పనిచేసేవాళ్ల మీదా పడుతోంది. ఆడవాళ్లు ఈ గడప తొక్కడానికి జంకడానికి అదొక కారణం. షియాత్సులో బట్టలు తీయాల్సిన పని ఎక్కడా లేదు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయాలని అడగొచ్చు, ఇంటివాళ్లను గదిలో కూర్చోబెట్టుకోవచ్చు. దానికి అడ్డుచెప్పే చోటు నుంచి లేచి వచ్చేయొచ్చు.

ఆధారాలు ఏమంటున్నాయి

ఇక్కడ ఒక మెలిక ఉంది. షియాత్సు మీద జరిగిన పరిశోధన తక్కువ. దాని దగ్గరి బంధువైన ఆక్యుప్రెషర్ మీద జరిగింది ఎక్కువ. రెండోదాని ఫలితాలను మొదటిదాని ఖాతాలో వేసుకోవడం ప్రచారకులకు అలవాటు.

2011లో రాబిన్సన్ తదితరులు రెండింటినీ కలిపి సమీక్షించినప్పుడు, షియాత్సుపై పరిశోధనలు సంఖ్యలోనూ నాణ్యతలోనూ చాలవని తేల్చారు. ఆక్యుప్రెషర్ విషయంలో కొన్ని రకాల నొప్పులకు, ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి మెరుగైన ఆధారం ఉందన్నారు. ఆండ్రూ లాంగ్ ఆస్ట్రియా, స్పెయిన్, బ్రిటన్‌లలో షియాత్సు చేయించుకునేవారిని ఆరు నెలల పాటు అనుసరించి చేసిన అధ్యయనంలో ఎక్కువమంది తమ బాధలు తగ్గాయని చెప్పారు. అయితే పోల్చడానికి చికిత్స తీసుకోని గుంపు అందులో లేదు. వాళ్లు డబ్బు పెట్టి, ఇష్టపడి వచ్చినవాళ్లు. అలాంటివాళ్లు బాగుందనడం సహజం.

ఆక్యుప్రెషర్ వైపు చూస్తే, 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన తైవాన్ ప్రయోగం చెప్పుకోదగ్గది. 129 మంది నడుంనొప్పి రోగుల్లో కొందరికి ఆక్యుప్రెషర్, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఆక్యుప్రెషర్ గుంపుకు ఎక్కువ గుణం కనిపించింది, అది ఆరు నెలల తర్వాతా నిలిచింది. ఇంకా బలమైనది మణికట్టు బిందువు కథ. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు ముడత మీద మూడు వేళ్లు అడ్డంగా ఆనించి, వాటికి అవతల రెండు స్నాయువుల మధ్య తగిలే పల్లం అది. ఆపరేషన్ తర్వాత వాంతులు, వికారంపై ఆ బిందువును ప్రేరేపించిన 59 ప్రయోగాలను 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే అది మెరుగు, వాంతి మందులతో పోలిస్తే పెద్దగా తేడా లేదు అని తేల్చింది. ఆధారాల నాణ్యత గొప్పగా లేదనీ చెప్పింది. ఆ ప్రయోగాల్లో సూదులు, విద్యుత్ ప్రేరణ, మణికట్టు పట్టీలు అన్నీ ఉన్నాయి కాబట్టి వేలి ఒత్తిడి వాటా ఎంతో విడిగా తీయడం కష్టం.

ఎందుకు పనిచేస్తుందన్న దానికి రెండు వివరణలు పోటీ పడుతున్నాయి. మెరిడియన్లు, ప్రాణశక్తి అన్నది ఒకటి. శరీరాన్ని కోసి చూసినప్పుడు అలాంటి నాళాలు ఎక్కడా తేలలేదు. రెండోది నరాల వివరణ. 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ప్రకారం, స్పర్శ, ఒత్తిడి సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల దారిని కొంత మూసేస్తాయి. దెబ్బ తగిలినచోట మనం వెంటనే చేత్తో నొక్కి పట్టుకోవడం ఇందుకే. దీనికి తోడు, రద్దీ ఓపీలో డాక్టర్‌తో కొద్ది నిమిషాలే దొరికే మనిషికి ఇక్కడ గంటసేపు ఒకరి పూర్తి శ్రద్ధ దొరుకుతుంది. దాని ప్రభావాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే అది మెరిడియన్ మహిమ కాదు, బిందువు మహిమ కూడా కాకపోవచ్చు.

ప్రభుత్వాలకూ ఈ విషయంలో నిలకడ లేదు. ఆస్ట్రేలియా 2019 ఏప్రిల్ 1 నుంచి షియాత్సు, యోగా, హోమియోపతి సహా 16 చికిత్సలకు ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ ఎత్తేసింది. తర్వాత మళ్లీ చేసిన సమీక్ష షియాత్సుతో పాటు కొన్నింటిని తిరిగి చేర్చవచ్చనే వైపు మొగ్గింది.

ఎవరి ఒంటి మీద చెయ్యి వేయకూడదు

షియాత్సు మొత్తమ్మీద సురక్షితమే. అందుకే మినహాయింపులను గట్టిగా చెప్పాలి. జ్వరం, చర్మం మీద పుండ్లు, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం, రక్తం పలచబడే మందులు, పెళుసు ఎముకలు, ఈ మధ్యే అయిన ఆపరేషన్ ఉన్నవాళ్లు డాక్టర్ను అడగకుండా వెళ్లకూడదు. నడుంనొప్పితో పాటు కాలు చచ్చుబడుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా అది నొక్కించుకునే నొప్పి కాదు. అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాల్సిన అత్యవసరం.

మెడ ముందుభాగం, పక్కభాగం మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల దారి. మెడ మీద షియాత్సు చేయించుకున్నాక కంటి, మెదడు ధమనుల్లో గడ్డ అడ్డుపడిన ఒక కేసు 2001లో స్ట్రోక్ పత్రికలో నమోదైంది. ఇలాంటివి అరుదు. అరుదైనా, మంగలి కుర్చీలో మెడ విరిపించుకునే అలవాటుకు ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

తెలుగు నేలకు ప్రత్యేకించి రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి ఫ్లోరోసిస్. నెల్లూరు ప్రాంతంలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించారు. నల్గొండ బాధ అందరికీ తెలిసిందే. ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంట్లో వెన్నెముక బిగుసుకుపోతుంది, స్నాయువుల్లో సున్నం పేరుకుంటుంది, వెన్నుపాము ఉన్న నాళం ఇరుకవుతుంది. పైకి అది మామూలు నడుంనొప్పిలాగే ఉంటుంది. అలాంటి వీపు మీద మోచెయ్యితో బరువు వేస్తే నరం నలిగే ప్రమాదం ఉంది. నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లు బిగుసుకున్న వీపుతో కనిపిస్తే, ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారన్నది చికిత్సకుడు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి. జపాన్ పాఠ్యపుస్తకం చూసి ఈ ప్రశ్న రాదు.

రెండోది షుగర్. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవాళ్ల అరికాళ్లకు స్పర్శ తగ్గిపోతుంది. నొప్పి చెప్పలేని పాదాన్ని చెక్కపుల్లతో గట్టిగా గుచ్చితే పుండు పడొచ్చు, ఆ పుండు మానకపోవచ్చు. ముళ్లచెప్పుల మీద నడిచే మధుమేహులకు ఈ మాట ఎవరూ చెప్పడం లేదు.

ఎవరు చేయొచ్చు, ఎవరు జవాబుదారీ

జపాన్‌లో ఈ పేరుతో చికిత్స చేయాలంటే మూడేళ్ల చదువు, జాతీయ పరీక్ష, లైసెన్స్ తప్పనిసరి. అక్కడా రిలాక్సేషన్ పేరుతో లైసెన్స్ లేని దుకాణాలు నడుస్తున్నాయి, దానిపై లైసెన్స్ ఉన్నవాళ్ల ఆందోళన సాగుతూనే ఉంది. బ్రిటన్‌లో చట్టపు లైసెన్స్ లేదు, 1981లో ఏర్పడిన షియాత్సు సొసైటీ వంటి సంఘాల స్వచ్ఛంద జాబితాలే దిక్కు. మన దగ్గర ఈ రెండూ లేవు. సూది వైద్యాన్ని కేంద్రం 2019లో స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది గాని, వేలి ఒత్తిడికి అలాంటి గుర్తింపు లేదు. బీఎన్‌వైఎస్ పట్టా ఉన్న వైద్యులు, ఫిజియోథెరపిస్టులు తమ చదువు హద్దుల్లో చేస్తారు. వారాంతపు శిక్షణ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లూ చేస్తారు. బయటినుంచి చూసే మనిషికి తేడా కనిపించదు.

ప్రకటనల విషయంలో 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ఉంది. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం వంటివి నయం చేస్తామని ప్రకటించడాన్ని అది నిషేధిస్తుంది. కానీ ఆ చట్టం మందులను, తాయెత్తుల వంటివాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. చేతులతో చేసే చికిత్స దాని పరిధిలో ఎంతవరకు వస్తుందన్నది స్పష్టంగా లేదు. డబ్బు తీసుకుని చేసిన సేవ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే దారి మాత్రం తెరిచే ఉంది. అందుకే రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు ఇవ్వనిచోట మోసపోయినా చూపడానికి చేతిలో కాగితం ఉండదు.

ఇంకా తేలనివి

మొదటి ప్రశ్నకు, అంటే హాయి కలుగుతుందా అన్నదానికి, పెద్దగా తగాదా లేదు. మూడో ప్రశ్నకు, అంటే రోగం నయమవుతుందా అన్నదానికి, అవునని చెప్పే ఆధారం రానంతవరకు అవుననడం తప్పే. షుగర్ గోలీలు, బీపీ మందులు మానేసి నొక్కించుకోమని చెప్పేవాళ్లు ఏ బడి పేరు వాడుకున్నా మనుషుల ప్రాణాలతో ఆడుకుంటున్నారు. ఈ మాటలో మొహమాటం అక్కర్లేదు.

అసలు తేలాల్సింది మధ్య ప్రశ్న. ఫలానా నొప్పికి, ఫలానా పనిచేసే మనిషికి, ఎన్ని విడతల్లో, ఎంత తేడా? అందులోనే ఇంకో ముడి ఉంది. సరైన బిందువు నొక్కినా, దాని పక్కన నొక్కినా ఒకే గుణం వస్తే బిందువుల శాస్త్రం అవసరమేనా? ఉత్తుత్తి గోలీ ఇచ్చినట్టు ఉత్తుత్తి ఒత్తిడి ఇవ్వడం సాధ్యం కాదు. ఎక్కడ తాకినా అది తాకడమే. నొక్కేవారికి తామేం చేస్తున్నారో తెలియకుండా చేయడం అసలే సాధ్యం కాదు. పరిశోధకులు దశాబ్దాలుగా తల పట్టుకుంటున్నది ఇక్కడే.

ఈ ప్రశ్నను తేల్చడానికి వరంగల్‌కు ఉన్నన్ని వసతులు ఏ ఊరికీ అంత తేలిగ్గా దొరకవు. 1959 నుంచి ఉన్న కాకతీయ మెడికల్ కాలేజీ, ఆయుర్వేద కళాశాల, రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒకే నగరంలో ఉన్నాయి. ఒకే రకం పని వల్ల ఒకే రకం నొప్పి పడే నేతగాళ్లు, హమాలీలు వాళ్ల గుమ్మం ముందే ఉన్నారు. ఒక గుంపుకు వ్యాయామాలు, ఒక గుంపుకు వ్యాయామాలతో పాటు వేలి ఒత్తిడి, ఇంకో గుంపుకు వ్యాయామాలతో పాటు మన మామూలు నూనె మాలిష్ ఇచ్చి, ఆరు నెలల తర్వాత ఎవరు ఎన్ని రోజులు పనికి వెళ్లగలిగారో లెక్క తీయొచ్చు. నొప్పి ఎంత తగ్గిందని అడిగితే జవాబు మనిషిని బట్టి మారుతుంది. మగ్గం మీద కూర్చున్న రోజులు, బస్తా ఎత్తిన రోజులు మాత్రం కూలి లెక్కల్లోనే ఉంటాయి.